పటాలాల బంతాట – 5: పెర్షింగ్ మైదానం నుంచి గచ్చిబౌలి దాకా

1918 నవంబరు 11న కాల్పుల విరమణ ఒప్పందం కుదిరేనాటికి ఫ్రాన్స్ గడ్డ మీద సుమారు ఇరవై లక్షల మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. పోరాటం ఆగిపోయినా వారందరినీ వెంటనే స్వదేశానికి చేర్చడానికి తగినన్ని ఓడలు లేవు. శాంతి ఒప్పందం మీద సంతకాలు పడేవరకు సేనలను పూర్తిగా విడుదల చేయడానికి మిత్రరాజ్యాల ప్రభుత్వాలకు ధైర్యమూ చాలలేదు. చేయడానికి పని లేక, ఇంటి మీద బెంగతో, రోజూ అర్థం లేని కవాతులతో విసిగిపోయిన యువకులు లక్షల సంఖ్యలో శిబిరాల్లో ఉండిపోతే ఏమవుతుందో చెప్పే సంఘటనలు అప్పటికే మొదలయ్యాయి. 1919 మార్చిలో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, కిన్మెల్ పార్కు శిబిరంలో, ఓడల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న కెనడా సైనికులు తిరగబడగా, ఆ అల్లర్లలో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. దేశాల సేనల మధ్య ఫుట్‌బాల్ పోటీలకు పునాది పడింది ఈ వాతావరణంలోనే. వాటి పుట్టుకకు క్రీడాభిమానం ఎంత కారణమో, ఖాళీగా కూర్చున్న సైన్యం పట్ల సేనానుల భయమూ అంతే కారణమని గుర్తించకుండా ఈ చరిత్రను సరిగా అర్థం చేసుకోలేము.

గత భాగంలో పరిశీలించిన డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లా కొండల్లో ఆరంభమైనప్పుడు, అందులో తలపడినవి ఒకే సామ్రాజ్ఞికి విధేయత ప్రకటించిన రెజిమెంట్లు. అది ఒక సైన్యం తనలో తాను ఆడుకున్న ఆట. ఒక దేశపు సైన్యం మరొక దేశపు సైన్యంతో, ఇరు దేశాల జెండాల కింద, నిర్ణీత నియమాలతో ఆడడం వేరే విషయం. అందులో ఆటగాడు ఏకకాలంలో సైనికుడూ, దేశ ప్రతినిధీ అవుతాడు. ఈ రెండు హోదాలూ ఒకే మనిషిలో కలిసినప్పుడు, సైనిక జట్టులో ఆడే వ్యక్తి నిజంగా సైనికుడేనా, లేక సైనిక దుస్తులు తొడిగిన ఆటగాడా అన్న ప్రశ్న తప్పక తలెత్తుతుంది. ఈ పోటీల నూరేళ్ల చరిత్రలో ఏ మలుపును పరిశీలించినా, ఆ ప్రశ్నకు ఆ కాలం ఇచ్చుకున్న సమాధానమే ప్రధానంగా కనిపిస్తుంది.

అమెరికన్ సేనలకు క్రీడా కార్యక్రమాలు నిర్వహించే బాధ్యత అప్పట్లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం చేతుల్లో ఉండేది. ఆ సంఘం తరఫున ఫ్రాన్స్‌లో పనిచేసిన ఎల్వుడ్ బ్రౌన్, అంతకు ముందు ఫిలిప్పీన్స్‌లో ఉండగా, 1913లో మనీలాలో తొలి దూరప్రాచ్య క్రీడోత్సవాలను నిలబెట్టిన అనుభవజ్ఞుడు. యుద్ధం ముగియక ముందే, 1918 అక్టోబరులోనే, శాంతి కుదిరిన తరువాత సైనికులకు పెద్ద ఎత్తున క్రీడలు అవసరమవుతాయని, మిత్రరాజ్యాల సేనలన్నింటినీ ఒకచోట చేర్చి పోటీలు జరపాలని ఆయన ప్రతిపాదించారు. అమెరికన్ సేనాధిపతి జనరల్ జాన్ పెర్షింగ్ ఆ ప్రతిపాదనను ఆమోదించి, 1919 జనవరిలో మిత్రరాజ్యాల సేనాధిపతులకు స్వయంగా ఆహ్వానాలు పంపారు. ఒలింపిక్ క్రీడలకు ఆయా దేశాల క్రీడా సంఘాలు ఆహ్వానాలు అందుకునేవి. ఇక్కడ మాత్రం ఒక సేనాధిపతి మరొక సేనాధిపతిని ఆటకు పిలిచాడు.

ఇంటర్ అలైడ్ క్రీడలు అని పిలిచిన ఈ మిత్రసేనల క్రీడోత్సవంలో పాల్గొనే అర్హతను నిర్ణయించిన నియమం ఎంతో ముఖ్యమైనది. 1914 ఆగస్టు 4కూ 1918 నవంబరు 11కూ మధ్య ఏదో ఒక మిత్రరాజ్యపు సైన్యంలో పనిచేసిన ఏ సైనికుడైనా, ఏ అధికారి అయినా ఆడవచ్చునని అది చెప్పింది. పోటీ జరిగే రోజున అతడు సైన్యంలో ఉండనవసరం లేదు. యుద్ధకాలంలో ఒకనాడు ఉంటే చాలు. నాలుగేళ్ల యుద్ధంలో యూరప్‌లోని ఆరోగ్యవంతులైన యువకులలో అత్యధికులు సైనికులుగా మారి ఉన్నారు కనుక, ఆచరణలో ఈ నియమం దాదాపు ప్రతి దేశపు అత్యుత్తమ ఆటగాళ్లకూ తలుపులు తెరిచింది. ఆ విధంగా సైనిక క్రీడోత్సవం పుట్టుకతోనే, మాటల్లో సేనల పోటీగా, చేతల్లో దేశాల పోటీగా రూపుదిద్దుకుంది. ఓడిపోయిన జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, టర్కీలకు ఆహ్వానం లేదు; బోల్షివిక్ రష్యాకూ లేదు.

పారిస్ తూర్పు శివారున, వాన్సెన్ అడవి అంచున, జువాన్‌విల్ గ్రామానికి సమీపంలో ఒక కొత్త మైదానం లేచింది. నిధులను వైఎంసీఏ సమకూర్చగా, అమెరికన్ ఇంజనీరింగ్ దళాలు కొద్ది నెలల వ్యవధిలో దాని నిర్మాణం పూర్తి చేశాయి. దానికి పెర్షింగ్ పేరే పెట్టి, ఫ్రెంచి ప్రజలకు కానుకగా ఇచ్చారు. 1919 జూన్ 22 నుంచి జులై 6 వరకు, సుమారు 1500 మంది సైనిక క్రీడాకారులు అక్కడ పోటీ పడ్డారు. పరుగు, ఈత, కుస్తీ, గుర్రపు స్వారీ వంటి సాధారణ అంశాలతో పాటు హ్యాండ్ గ్రెనేడ్‌ను ఎవరు ఎక్కువ దూరం విసరగలరన్న పోటీ కూడా జరిగింది. కందకాల యుద్ధంలో అబ్బిన నైపుణ్యం అక్కడ పతకానికి అర్హమైన విద్య అయింది. క్రీడోత్సవం మధ్యలోనే, జూన్ 28న, అదే పారిస్ మహానగరానికి మరో కొసన ఉన్న వెర్సాయి రాజప్రాసాదంలో జర్మనీతో శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. కొత్త యూరప్ పటాన్ని అక్కడ కాగితం మీద గీస్తుండగా, ఆ పటంలో అప్పుడే చోటు సంపాదించుకున్న దేశాలు ఇక్కడ పచ్చిక మీద తమ ఉనికిని చాటుకున్నాయి.

ఫుట్‌బాల్‌లో ఎనిమిది సేనల జట్లు రెండు వర్గాలుగా ఆడాయి. ఒక వర్గంలో ఫ్రాన్స్, ఇటలీ, రొమేనియా, గ్రీసు. మరొక వర్గంలో చెకొస్లొవేకియా, బెల్జియం, కెనడా, అమెరికా. జట్ల మధ్య అంతరాలు చాలా పెద్దవి. గ్రీసు మీద ఫ్రాన్స్ పదకొండు గోళ్లు చేసిందంటే, ఆ రోజుల్లో ఈ ఆట యూరప్‌లోనైనా ఎంత అసమానంగా వ్యాపించి ఉండేదో ఊహించవచ్చు. చివరి పోటీకి ఆతిథ్య దేశం ఫ్రాన్స్, అప్పటికి పుట్టి ఏడాదైనా నిండని చెకొస్లొవేకియా చేరుకున్నాయి. చెకొస్లొవేకియా 3–2 గోళ్లతో గెలిచింది.

ఈ గెలుపు విలువ స్కోరులో కనిపించేది కాదు. చెక్ జాతి ప్రజలు అంతవరకు ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో ప్రజలుగా ఉండేవారు. వారి ప్రాంతమైన బొహీమియా పేరుతో ఒక ఫుట్‌బాల్ జట్టు 1903 నుంచి కొన్ని అంతర్జాతీయ ఆటలు ఆడినా, ప్రత్యేక రాజ్యం లేని జాతికి ప్రత్యేక జట్టు ఏమిటని ఆస్ట్రియా పట్టుబట్టగా, అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా 1908లో ఆ సంఘాన్ని తొలగించింది. తరువాత యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా సైన్యంలో బలవంతంగా చేరిన చెక్, స్లోవక్ యువకులు అనేకులు శత్రుపక్షానికి లొంగిపోయి, రష్యాలో, ఫ్రాన్స్‌లో, ఇటలీలో లెజియన్లు అనే స్వచ్ఛంద దళాలుగా ఏర్పడి మిత్రరాజ్యాల వైపు పోరాడారు. అంటే రాజ్యం కంటే ముందు ఆ జాతికి సైన్యం ఏర్పడింది. 1918 అక్టోబరు 28న ప్రాగ్‌లో గణతంత్రాన్ని ప్రకటించే నాటికి దేశపు గుర్తింపుకు ఆ లెజియన్ల పోరాటమే పెద్ద ఆధారమైంది. ఫుట్‌బాల్‌లోనూ వరుస అదే: ఆ దేశపు జాతీయ జట్టు అధికారికంగా తొలి ఆట ఆడింది 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో, దానికి ఏడాది ముందే సైనిక జట్టు పారిస్‌లో ఛాంపియన్ అయి కూర్చుంది. సైనిక జట్టు జాతీయ జట్టుకు నకలు కాకుండా, దానికి పూర్వరూపంగా నిలిచిన సందర్భాల్లో ఇంతకంటే స్పష్టమైనది మరొకటి దొరకదు.

పెర్షింగ్ మైదానంలో కలిసి ఆడిన ఆటగాళ్లలో పలువురు ఆంట్వెర్ప్‌కూ వెళ్లారు. అక్కడ చెకొస్లొవేకియా ఫైనల్ దాకా దూసుకెళ్లి, ఆతిథ్య బెల్జియంతో ఆడుతూ రెండు గోళ్ల వెనుకబాటులో ఉండగా, వృద్ధుడైన ఇంగ్లిష్ రెఫరీ జాన్ లూయిస్ నిర్ణయాలకు నిరసనగా మొదటి సగం ముగియక ముందే మైదానం విడిచి వెళ్లిపోయింది. ఆ జట్టును అనర్హమైనదిగా ప్రకటించి, బెల్జియానికి స్వర్ణం ఇచ్చారు. ఆ బెల్జియం జట్టు వెనుక కూడా యుద్ధభూమి నీడ ఉంది. దేశంలో అధిక భాగం జర్మనీ ఆక్రమణలో ఉండగా, మిగిలిన సన్నని చీలిక లాంటి భూమిని కాపాడుతూ కందకాల్లో ఉన్న సైనికుల నుంచి ఏరి కూర్చిన ఫ్రంట్ వాండరర్స్ అనే జట్టు, యుద్ధకాలంలో మిత్రసేనలతో విరాళాల కోసం ఆటలు ఆడేది. నాలుగేళ్ల పాటు దేశంలో పోటీలు స్తంభించిపోయినా, బెల్జియం ఫుట్‌బాల్ నైపుణ్యం నశించకుండా నిలిచింది ఆ సైనిక జట్టు వల్లనే. 1920 స్వర్ణానికి పునాది అక్కడ పడింది.

మిత్రసేనల క్రీడోత్సవం మళ్లీ జరగలేదు. అమెరికన్లు ఇళ్లకు వెళ్లిపోయారు, పెర్షింగ్ మైదానం 1924 పారిస్ ఒలింపిక్స్‌లో కొన్ని ఫుట్‌బాల్ ఆటలకు వేదికైంది. అయితే సేనల మధ్య ఏటేటా జరిగే పోటీ ఒకటి ఉండాలన్న ఆలోచనను బ్రిటిష్ సైన్యంలోని బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ కెంటిష్ నిలబెట్టారు. యుద్ధంలో ఒక బ్రిగేడ్‌ను నడిపించి, ఆల్డర్‌షాట్‌లో అధికారుల శిక్షణా పాఠశాలకు అధిపతిగా పనిచేసిన ఆయన, సైన్యంలో క్రీడలంటే కేవలం తీరిక వేళ వినోదం కాదని, అధికారికీ సిపాయికీ మధ్య ఉన్న అడ్డుగోడను తగ్గించే మార్గమని నమ్మినవారు. తరువాతి కాలంలో బ్రిటన్ తరఫున అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యులయ్యారు. పట్టణాల్లో పిల్లలకు ఆటస్థలాలు దక్కాలని 1925లో ఏర్పడిన జాతీయ క్రీడామైదానాల సంఘ స్థాపకుల్లోనూ ఆయన ఒకరు. ఆయన బహూకరించిన కప్పు కోసం 1921 నుంచి బ్రిటిష్, ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు ఏటా తలపడసాగాయి. అదే కెంటిష్ కప్పు.

ఈ కప్పుకు ఫుట్‌బాల్ చరిత్రలో దక్కవలసినంత స్థానం దక్కలేదు. బ్రిటిష్ ఫుట్‌బాల్ సంఘాలు ఓడిన దేశాలతో ఆడబోమంటూ 1920లో ఫిఫా నుంచి వైదొలగి, 1924లో తిరిగి చేరి, ఆటగాళ్లకు పోయిన జీతానికి పరిహారం ఇవ్వవచ్చా అన్న వివాదంతో 1928లో మళ్లీ బయటికి వెళ్లిపోయి, 1946 దాకా దూరంగానే ఉండిపోయాయి. మొదటి మూడు ప్రపంచ కప్పుల్లోనూ బ్రిటిష్ జట్లు లేకపోవడానికి కారణం ఇదే. అటువంటి కాలంలో ఇంగ్లిష్ ఆటకూ యూరప్ ప్రధాన భూభాగపు ఆటకూ మధ్య ఏటా క్రమం తప్పకుండా నడిచిన వంతెన ఈ సైనిక కప్పు. సంఘాల పట్టుదలలు తెంచిన బంధాన్ని సేనలు కాపాడాయనడం అతిశయోక్తి కాదు.

అయితే ఆ పోటీలో ఒక లోతైన అసమానత ఉండేది. ఫ్రాన్స్‌లోనూ, బెల్జియంలోనూ నిర్బంధ సైనిక సేవ అమల్లో ఉండేది. అంటే నిర్ణీత వయసు వచ్చిన ప్రతి యువకుడూ, అతడు రైతు అయినా, పండితుడైనా, పేరుమోసిన ఆటగాడైనా, కొంతకాలం సైన్యంలో పనిచేసి తీరాలని చట్టం శాసించేది. కనుక ఆ దేశాల సైనిక జట్లకు ప్రతి ఏడాదీ క్లబ్బుల నుంచి మెరికల్లాంటి యువకులు దొరికేవారు. బ్రిటన్‌లో శాంతికాలంలో నిర్బంధ సేవ 1939 వరకు లేదు. వారి సైనిక జట్టులో ఉన్నది జీవనోపాధిగా సైన్యాన్ని ఎంచుకుని, పటాలాల మధ్య పోటీల్లో ఆట నేర్చుకున్న సిపాయిలు. ఒకే మైదానంలో ఒకవైపు ఆడే సిపాయిలు, మరొకవైపు సిపాయిలైన ఆటగాళ్లు నిలబడ్డారు.

రెండవ ప్రపంచ యుద్ధం ఆ తేడాను చెరిపివేసింది. బ్రిటన్‌లో వృత్తి ఆటగాళ్లలో చాలామంది సైన్యంలోకి వచ్చారు. వారిలో అనేకులను శారీరక శిక్షణ విభాగంలో బోధకులుగా నియమించారు. 1940 ఫిబ్రవరిలో, ఫ్రాన్స్ పతనానికి కొన్ని నెలల ముందు, బ్రిటిష్ సైనిక జట్టు ఫ్రెంచి సైనిక జట్టుతో ఆడడానికి పారిస్ వెళ్లినప్పుడు, అది పేరుకే సైనిక జట్టు, బలంలో జాతీయ జట్టు. యుద్ధం చివరి దశలో, 1945లో, ఇటలీలో పర్యటించిన బ్రిటిష్ సైనిక జట్టుకు మ్యాట్ బస్బీ నాయకత్వం వహించారు. బారి పట్టణంలో సైనికుల క్రీడాకేంద్రాన్ని నడుపుతున్న జిమ్మీ మర్ఫీ ఆటగాళ్లతో మాట్లాడుతున్న తీరు విని ముగ్ధుడైన బస్బీ, తాను త్వరలో బాధ్యత స్వీకరించబోయే మాంచెస్టర్ యునైటెడ్‌లో సహాయకుడిగా చేరమని అక్కడే అడిగారు. తరువాతి పాతికేళ్ల ఆంగ్ల ఫుట్‌బాల్‌ను తీర్చిదిద్దిన జంట కలిసింది ఒక సైనిక శిబిరంలో.

1945 తరువాత 1919 నాటి పరిస్థితే తిరిగి వచ్చింది: గెలిచిన సేనలు, కూలిన నగరాలు, ఇంటికి వెళ్లడానికి వంతు కోసం ఎదురుచూపులు. మిత్రసేనల క్రీడా మండలి ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్ కేంద్రంగా ఏర్పడి, 1946 సెప్టెంబరులో బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో, అంటే పదేళ్ల క్రితం హిట్లర్ కూర్చుని క్రీడలు చూసిన చోటనే, మిత్రసేనల అథ్లెటిక్ పోటీలు జరిపింది. ఏడాది గడిచేసరికి తూర్పు, పడమర దేశాల మధ్య సఖ్యత చెడి ఆ మండలి చెదిరిపోయింది. పట్టు విడవని ఫ్రెంచి అధికారి హెన్రీ దెబ్రూ ప్రోద్బలంతో, 1948 ఫిబ్రవరి 18న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో బెల్జియం, డెన్మార్క్, ఫ్రాన్స్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ దేశాల సేనలు కలిసి అంతర్జాతీయ సైనిక క్రీడా మండలిని స్థాపించాయి. ఫ్రెంచి పేరులోని తొలి అక్షరాలతో దాన్ని సిజమ్ అని పిలుస్తారు. క్రీడ ద్వారా స్నేహం అన్నది దాని నినాదం. ఐదు దేశాలతో మొదలైన ఆ మండలిలోకి 1951లో అమెరికా చేరింది. కాలక్రమంలో సభ్యదేశాలు 130కి పైబడ్డాయి. ప్రపంచ సైనిక ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను నడిపేది ఈ మండలే.

ఆ ఛాంపియన్‌షిప్‌కు స్వర్ణయుగం నిర్బంధ సేవ బలంగా ఉన్న కాలమే. బ్రిటన్‌లో 1949 నుంచి 1960 దాకా నేషనల్ సర్వీస్ అనే నిర్బంధ సేవ కింద యువకులను పిలిచారు. మాంచెస్టర్ యునైటెడ్ యువ ఆటగాళ్లు డంకన్ ఎడ్వర్డ్స్, బాబీ చార్ల్‌టన్ ఇద్దరూ ష్రూస్‌బరీ సమీపంలోని నెస్‌క్లిఫ్ ఆయుధ సామగ్రి డిపోలో సిపాయిలుగా పనిచేశారు. 1956 అక్టోబరులో యునైటెడ్ తరఫున తొలి ఆట ఆడి రెండు గోళ్లు చేసిన నాటికి చార్ల్‌టన్ ఇంకా సైనికుడే. వేల్స్ దేశపు మహాబలశాలి ఆటగాడు జాన్ చార్ల్స్ అశ్వికదళ రెజిమెంట్‌లో సేవ చేస్తూ 1952లో సైనిక కప్పు గెలిచారు. ఎడ్వర్డ్స్ వంటివారు ఒకే సీజన్‌లో క్లబ్బుకు, దేశానికి, పటాలానికి, సైనిక జట్టుకు ఆడవలసి రావడంతో వారిమీద పడిన భారం తక్కువది కాదు. ఆ అద్భుత ప్రతిభ 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంతో ఇరవై ఒకటవ ఏటనే ముగిసిపోవడం ఫుట్‌బాల్ లోకం ఇప్పటికీ మరువలేని దుఃఖం.

ఫ్రాన్స్ ఈ వ్యవస్థను మరింత పద్ధతిగా నడిపింది. పంతొమ్మిదవ శతాబ్దం నుంచే సైనిక వ్యాయామ విద్యకు పేరొందిన జువాన్‌విల్‌లో, అంటే 1919 మైదానానికి పొరుగునే, క్రీడాకారులైన నిర్బంధ సైనికుల కోసం 1956లో జువాన్‌విల్ బెటాలియన్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. అక్కడ చేరిన క్రీడాకారుడు సైనిక క్రమశిక్షణకు లోబడి ఉంటూనే సాధన కొనసాగించేవాడు, వారాంతాల్లో తన క్లబ్బుకు ఆడేవాడు. 1970ల మధ్యలో ఆ బెటాలియన్‌లో గడిపిన యువకుల్లో మిషెల్ ప్లాటినీ ఒకరు. ఇటలీలోనూ ఇటువంటి ఏర్పాట్లే ఉండేవి. ప్రపంచ సైనిక ఛాంపియన్‌షిప్‌ను పలుమార్లు గెలుచుకున్న దేశాల్లో ఇటలీ ముందువరుసలో నిలవడానికి, అక్కడి అగ్రశ్రేణి లీగు ఆటగాళ్లు తమ నిర్బంధ సేవాకాలంలో సైనిక జట్టుకు అందుబాటులో ఉండడమే కారణం.

తూర్పు యూరప్‌లో సమాధానం మరొక విధంగా ఉండింది. అక్కడ ఆటగాడు ఏడాదిపాటు సైన్యంలోకి వచ్చి పోవడం కాక, సైన్యమే క్లబ్బుగా మారింది. బుడాపెస్ట్ శివారులోని కిష్‌పెస్ట్ క్లబ్బును 1949 చివర హంగరీ రక్షణ శాఖ స్వాధీనం చేసుకుని, దేశరక్షకుడు అన్న అర్థమిచ్చే హోన్వేద్ పేరు పెట్టింది. ఆ క్లబ్బు ఆటగాడైన ఫెరెంక్ పుష్కాష్‌కు మేజర్ హోదా దక్కడంతో ప్రపంచం ఆయనను దౌడు తీసే మేజర్‌గా గుర్తుంచుకుంది. ప్రాగ్‌లో డుక్లా, బుఖారెస్ట్‌లో స్టేయువా, మాస్కోలో సెస్కా కూడా సైనిక క్లబ్బులే. వీటిలో స్టేయువా 1986లో సెవిల్ నగరంలో బార్సిలోనాను పెనాల్టీలలో ఓడించి యూరోపియన్ కప్పు గెలుచుకుంది. ఈ దేశాలు పశ్చిమ దేశాల సిజమ్‌తో సంబంధం లేకుండా, 1958లో మిత్ర సైన్యాల క్రీడా సంఘం అనే సమాంతర వ్యవస్థను ఏర్పరచుకుని, స్పార్టకియాడ్‌లు అనే పేరుతో తమ సొంత క్రీడోత్సవాలు జరుపుకున్నాయి. మొదటిది అదే ఏడాది తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగింది. స్నేహం అన్న మాటనే ఇరుపక్షాలూ వాడినా, ఆ స్నేహానికి సరిహద్దు కంచె ఉండేది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసే దాకా ప్రపంచ సైనిక ఛాంపియన్ అన్న బిరుదు సగం ప్రపంచానికే పరిమితమైనదన్న సంగతి మరువరాదు.

ఆ సగం ప్రపంచంలో యూరప్ ఆధిపత్యాన్ని అరబ్ దేశాలు చీల్చుకుంటూ వచ్చాయి. ఇరాక్ 1972లో స్వదేశంలో, బాగ్దాద్‌లో, ఇటలీతో కలిసి ఛాంపియన్‌షిప్‌ను పంచుకుని, 1977లోనూ 1979లోనూ ఒంటరిగా గెలిచింది. ఇరాక్‌లో సైన్యం, వైమానిక దళం, పోలీసు శాఖల క్లబ్బులే ఫుట్‌బాల్‌కు ఆయువుపట్టు. వైమానిక దళపు క్లబ్బు 1931లోనే పుట్టింది. జాతీయ జట్టుకూ సైనిక జట్టుకూ మధ్య మనుషులు పెద్దగా మారేవారు కారు. ప్రపంచ స్థాయి పోటీలో గెలిచే అలవాటును ఆ తరం ఇరాకీ ఆటగాళ్లు ముందుగా సైనిక ఛాంపియన్‌షిప్‌లోనే నేర్చుకున్నారు. 1986 ప్రపంచ కప్పుకు ఇరాక్ అర్హత సాధించిన దారికి ఇది తొలి మెట్టు అనవచ్చు. తరువాతి కాలంలో ఈజిప్టు, అల్జీరియా ఆ స్థానానికి వచ్చాయి. 2011, 2015 ప్రపంచ సైనిక క్రీడోత్సవాల్లో ఫుట్‌బాల్ స్వర్ణం అల్జీరియాదే.

ఈ మార్పుకు ఒక కారణం ఆటలో ఉంటే, మరొకటి చట్టంలో ఉంది. బ్రిటన్ 1960లోనే నిర్బంధ పిలుపులు ఆపివేసింది. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు జాక్ షిరాక్ 1996లో చేసిన ప్రకటనతో నిర్బంధ సేవ క్రమంగా ముగిసి, 2002లో జువాన్‌విల్ బెటాలియన్ రద్దయింది. ఇటలీ 2005లో, జర్మనీ 2011లో అదే దారి పట్టాయి. చట్టం పోవడంతో సైనిక జట్లకు అగ్రశ్రేణి క్లబ్బుల నుంచి వచ్చే ప్రవాహం ఆగిపోయింది. ఆ చట్టం ఇంకా అమల్లో ఉన్న దేశాలు ముందుకు వచ్చాయి. దక్షిణ కొరియా ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ 1984లో ఏర్పడిన సాంగ్‌ము అనే సైనిక క్రీడా విభాగపు ఫుట్‌బాల్ జట్టు దేశపు వృత్తి లీగులోనే ఆడుతుంది. లీగు ఆటగాళ్లు తమ సేవాకాలాన్ని అందులో గడిపి తిరిగి సొంత క్లబ్బులకు వెళతారు. 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినందుకు పూర్తికాల సేవ నుంచి మినహాయింపు పొందిన సాన్ హ్యుంగ్ మిన్ కూడా 2020లో జెజు ద్వీపంలో మూడు వారాల ప్రాథమిక శిక్షణ పూర్తి చేయవలసి వచ్చింది.

ప్రచ్ఛన్న యుద్ధకాలపు ఆ రెండు ప్రపంచాలూ ఒకే మైదానానికి రావడం 1995లో రోము నగరంలో జరిగిన తొలి ప్రపంచ సైనిక క్రీడోత్సవంతో సాధ్యమైంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా దాన్ని జరిపారు. తరువాత 1999లో జాగ్రెబ్, 2003లో కటానియా వేదికలయ్యాయి. ఇవన్నీ యూరప్ నగరాలే. నాలుగవ క్రీడోత్సవం 2007 అక్టోబరు 14 నుంచి 21 వరకు హైదరాబాదులో జరిగినప్పుడు, ఈ పోటీలు మొదటిసారిగా యూరప్ ఖండాన్ని దాటాయి. తెరచాప పడవల పోటీలకు సముద్రం కావాలి కనుక వాటిని ముంబైలో నిర్వహించారు; మిగిలినవి హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు దక్కాయి. గచ్చిబౌలి స్టేడియంలో నూరు దేశాలకు పైగా సేనల బృందాలు కవాతు చేశాయి. ఎన్నో తరాలుగా దండు ఊరుగా బతికిన లష్కరుకు, అంటే సికింద్రాబాదుకు, ఈ గౌరవం దక్కడం చరిత్ర దృష్ట్యా ఎంతో తగినది. ఇంగ్లిష్ పటాలాల ద్వారా దక్కను నేలకు పరిచయమైన ఆట, ప్రపంచ సేనలన్నింటి ఆటగా అక్కడికే తిరిగి వచ్చింది.

భారత సైన్యంలో నిర్బంధ సేవ ఏనాడూ లేదు. ఇక్కడ సైనిక జట్టుకు ఆటగాడు దొరకాలంటే అతడు సిపాయిగా చేరడానికి తానుగా ఇష్టపడాలి, లేదా సిపాయిగా చేరినవాడిలో ఆటగాడిని సైన్యం వెతికి పట్టుకోవాలి. హైదరాబాదు రాష్ట్రంలో పుట్టిన పీటర్ తంగరాజ్ అలా వచ్చినవారే. పొడగరి అయిన ఈ గోల్‌కీపర్ 1950లలో సైన్యంలో చేరి, తెలుగువారు కూడా తరతరాలుగా పనిచేసిన మద్రాసు రెజిమెంట్ శిక్షణ కేంద్రపు జట్టుకు ఆడారు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న ఆ కేంద్రం 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్, 1960 రోము ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్లలో తంగరాజ్ సభ్యుడు. త్రివిధ దళాల ఉమ్మడి జట్టు సర్వీసెస్ 1960–61 సీజన్‌లో తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడూ గోలు కాపలా ఆయనదే. సైన్యం వెలుపల అదే కాలంలో, హైదరాబాదు నగరంలో, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పును సొంతం చేసుకుంది. ఖాకీ దుస్తులే వేసుకున్నా సైనికులు కాని ఆ ఆటగాళ్ల కథ రాబోయే భాగంలో.